ఫిలోమినా కొంగు ముడులు

ఫిలోమినాకి ఉన్న పిచ్చి ఒక్కటే. క్షమాపణ అడగడం. ఏడాదిలో పదకొండు నెలలు ఆమె అందరిలాంటి మనిషే. పత్తి తీతకు పోతుంది, మిరపకోతకు పోతుంది, సాళ్ళో వెనకబడినదాన్ని వెక్కిరిస్తుంది, బీపీ మాత్ర మింగడం మరిచిపోతుంది. ఆగమన కాలం మొదటి ఆదివారం చర్చిలో తొలి ఊదారంగు కొవ్వొత్తి వెలిగిందంటే మాత్రం, ఇక క్రిస్మస్ దాకా ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. గురజాల దాటాక మాచర్ల రోడ్డు నుంచి పక్కకు దిగితే వచ్చే తంగెడుపాడులో, డిసెంబరు పొద్దుటి పూట పల్లె తలుపులన్నీ వేసి ఉంటే కొత్తవాళ్ళు చలికనుకుంటారు. చలికి కాదు, ఫిలోమినాకి.

తమాషా ఏమిటంటే, ఆమెనే క్షమాపణ అడగాల్సినవాళ్ళు ఆ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళలో ఒక్కరూ నోరు తెరవలేదు. ఊరికి ఎడంగా ఉన్న పల్లె నుంచి వాగు పక్కనున్న సమాధుల దొడ్డికి ఒక డొంక ఉండేది. రెండు ఎడ్లబండ్లు ఎదురుపడితే తప్పుకునేంత వెడల్పు. ఊళ్ళో పెద్ద రైతు ధనుంజయరావు గారు ఏడాదికో సాలు చొప్పున తన పత్తిచేనులో కలుపుకుంటూ పదేళ్ళలో డొంకను ఆనవాలు లేకుండా దున్నేశారు. మూడేళ్ళ కిందట సెప్టెంబరులో ఫిలోమినా భర్త యాకోబు చనిపోతే, పెట్టెను వాగులోంచి మోసుకెళ్ళారు. నడుం లోతు నీళ్ళు. చనిపోయినవాణ్ణి పూడ్చడానికి బతికినవాళ్ళు ప్రాణాలకు తెగించాల్సి రావడం ఏ ధర్మమో ఎవరూ చెప్పలేదు. ఫిలోమినా అడగలేదు. తడిసిన చీర పిండుకుని ఇంటికొచ్చింది.

ఈ సంగతులన్నీ దానియేలుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. ఆయన యాకోబు తమ్ముడు, ఫిలోమినాకి మరిది, పైగా ఆ చర్చికి ఉపదేశి. ఫాదర్‌గారు నెలకు రెండుసార్లే వస్తారు కాబట్టి మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేదీ ప్రసంగం చెప్పేదీ ఆయనే. ఆ ప్రసంగం గంటలోపు ముగిసిన దాఖలా లేదు. “మనసులో గుంటలు పూడ్చండి, మిట్టలు చెక్కండి, వచ్చే ప్రభువుకు దారి సాపు చెయ్యండి” అని ఆగమన కాలమంతా బల్ల గుద్ది మరీ చెబుతాడు. విన్నవాళ్ళు ఆమేన్ అనుకుని ఇంటికెళ్ళి కోడికూర వండుకుంటారు. ఫిలోమినా మాత్రం పలుగూ పారా భుజాన వేసుకున్నంత పని చేస్తుంది.

ఆమె పద్ధతి చాలా పకడ్బందీగా ఉంటుంది. ఆగమన కాలానికి ముందురోజు పల్లెలో అందరిలాగే ఇంటికి సున్నం కొడుతుంది. “గోడలకి కొడితే సరిపోద్దా, లోపల సంగతేంది” అని చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చుని, ఆ ఏడాది చేసిన తప్పులన్నీ గుర్తు తెచ్చుకుని, తప్పుకో ముడి చొప్పున కొంగు అంచుకు వేస్తుంది. ఎవరి దగ్గరికెళ్ళి మన్నింపు పొందితే వాళ్ళ ముడి విప్పేస్తుంది. చీర మార్చినప్పుడల్లా మిగిలిన ముడులన్నీ కొత్త చీరకు మళ్ళీ వేసుకోవాలి. “ఇది కండక్టరుది, ఇది కొట్టామెది” అని గొణుక్కుంటూ వేస్తుంటే, జపమాల చెప్పుకుంటోందనుకుని ఫాదర్‌గారు ఒకసారి మెచ్చుకున్నారు కూడా.

కిరాణా కొట్టు శేషారత్నం దగ్గర జరిగింది వినాలి. ఒక డిసెంబరు పొద్దున ఫిలోమినా కొట్టు ముందు చెప్పులు విడిచి నిలబడింది.

“శేషారత్నమ్మా, తప్పు చేశా. మన్నించు.”

“ఏం చేశావే?”

“నీ ఆవకాయ ఉప్పు కషాయమని నలుగురితో అన్నా.”

శేషారత్నం చేతిలో పప్పు పొట్లం అట్టే ఆగిపోయింది. “పర్లేదులే, పో.”

“పర్లేదంటే కుదరదు. పర్లేదంటే నేను చేసింది తప్పే కాదన్నట్టు. మన్నించానని అను.”

“సరే, మన్నించా. ఇంతకీ ఆ నలుగురెవరు?”

“వాళ్ళ తప్పు వాళ్ళది. నా ముడి నేను విప్పుకుంటన్నా.”

విప్పుకుని ఆమె వెళ్ళిపోయింది. శేషారత్నం నెలరోజులపాటు కొట్టుకొచ్చిన ప్రతి ఆడమనిషినీ “నా ఆవకాయ ఎట్టుంటదే” అని అడిగి, మొహం చూసి మరీ ఉల్లిపాయలు తూచింది.

మాచర్ల బస్సు కండక్టరు యల్లమందది ఇంకో కథ. బస్సు ఆగగానే ఫిలోమినా ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టి నిలబడింది. “నాయనా, మొన్న కార్తీక మాసంలో చెయ్యెత్తితే బస్సు ఆపలేదని నిన్ను మనసులో పంది అన్నా. మన్నించు.” యల్లమంద “పర్లేదమ్మా, ఎక్కు” అన్నాడు. పర్లేదంటే కుదరదని ఆమె మొదలుపెట్టింది. డ్రైవరు హారన్ కొట్టాడు. లోపలినుంచి ఒకాయన, “అనవయ్యా బాబూ, నాకు కోర్టులో వాయిదా ఉంది, ఆ ఒక్క ముక్క అను” అన్నాడు. చివరికి బస్సు బస్సంతా “అను, అను” అంటే, యల్లమంద టికెట్ల మిషను గుండెకు హత్తుకుని “మన్నించానమ్మా” అన్నాడు. ఫిలోమినా ముడి విప్పుకుని కాలు కిందకు దించేసింది.

“ఎక్కవా?” అన్నాడు యల్లమంద.

“మాచర్లలో నాకేం పని?” అంది ఫిలోమినా.

ఫాదర్‌గారిని కూడా వదల్లేదు. “మీ ప్రసంగంలో నిద్రపోయా ఫాదర్” అంది. “పర్లేదమ్మా, పొలం పని చేసి అలసిపోయి ఉంటావు” అన్నారాయన. తర్వాత తేరుకుని, “సరే, మన్నించాను. ఇంతకీ ఏ ఆదివారం?” అని అడిగారు. “అన్ని ఆదివారాలూ” అంది.

ఇవన్నీ చెప్పి దానియేలు నవ్వుకునేవాడే. కానీ మూడేళ్ళుగా ఆమె తొలి ముడి విప్పేది ఆయన గడపలోనే. మొదటి ఏడు వచ్చి, “నీ పాట కాకి గొంతులాగుందని చెరువు కాడ అన్నా, మన్నించు” అంది. రెండో ఏడు, “నువ్వు ప్రసంగం చెప్తుంటే వెనక పిల్లలకి చింతపిక్కలు పంచా” అంది. ఆయన మన్నించానన్నాక కూడా ఆమె లేచేది కాదు. టీ తాగేది. గ్లాసు పక్కన పెట్టి, “ఇంకేంది దానియేలూ” అని ఆయన మొహం వైపు కాసేపు చూసేది. దానియేలు పైకప్పు వైపు చూసేవాడు. ఆమె ఇంకాసేపు చూసి, “సరే, వస్తా” అని వెళ్ళిపోయేది.

పైకప్పు వైపు చూడటానికి కారణం ఉంది. యాకోబు చనిపోయిన పొద్దున, చేలోంచి దారి ఇమ్మని అడగడానికి పల్లె తరఫున ధనుంజయరావు ఇంటికి వెళ్ళింది దానియేలే. గేటు దాకా వెళ్ళాడు. చర్చి ప్రహరీకి ధనుంజయరావు నలభై బస్తాల సిమెంటు ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఇప్పుడు పోయి అడిగితే ఆయనకు కోపమొస్తుందేమో, ప్రహరీ ఆగిపోతుందేమో అని గేటు బయట కాసేపు నిలబడ్డాడు. గేటు మీద చెయ్యి కూడా వెయ్యకుండా వెనక్కొచ్చి, “అడిగాను, కుదరదన్నాడు” అని చెప్పాడు. ఆ మాట నమ్మి నలుగురు మగాళ్ళు అన్న పెట్టెను భుజాన ఎత్తుకుని వాగులోకి దిగారు. సిమెంటు వచ్చింది. ప్రహరీ లేచింది. ఏటా ఆ ప్రహరీ లోపల నిలబడి దానియేలు పశ్చాత్తాపం గురించి గంటసేపు చెబుతున్నాడు.

ఈ ఏడు ఆగమన కాలం మూడో వారంలో ఆయన కన్ను వదిన కొంగు మీద పడింది. ఫిలోమినా కొంగుకు ఒకే ఒక్క ముడి మిగిలింది. మిగతావాటికంటే రెండింతలుంది, గట్టిగా బిగిసి ఉంది.

“అదెవరిది వదినా?”

“ధనుంజయరావుది. రేపు శనివారం పొద్దున్నే పోతా.”

“ఆయన్ని నువ్వు క్షమాపణ అడిగేదేంది?”

“తప్పు చేశా గదా.”

ఆమె వెళ్ళి ఆ రోజు సంగతి ఎత్తితే, ఆయన “నన్నెవరడిగారు” అంటే, ఇంకేముంది. దానియేలు అప్పటికప్పుడు తోచిన అడ్డంకులన్నీ వేశాడు. ఆయనకు ఒంట్లో బాగాలేదన్నాడు. శనివారం మంచిది కాదన్నాడు. “ఉపదేశివి, వారాలు చూస్తన్నావా?” అందామె. చివరికి కూతురు యశస్వినిని ముందుకు తోశాడు.

యశస్విని నరసరావుపేటలో లా చదువుతోంది. డొంక గురించి రెండేళ్ళుగా కాగితాలతో యుద్ధం చేస్తోంది. సమాచార హక్కు కింద గ్రామ నక్షా తెప్పించింది. అందులో డొంక ఇరవై రెండు అడుగుల వెడల్పున స్పష్టంగా ఉంది. ప్రతి సోమవారం ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌కు వెళ్ళి అర్జీ ఇస్తోంది. అర్జీ బల్ల మారుతుంది, సర్వేయర్ మాత్రం రాడు. అటువంటి పిల్లకు పెద్దమ్మ ధనుంజయరావుని క్షమాపణ అడగబోతోందని తెలిస్తే ఊరుకుంటుందా?

“పెద్దమ్మా, నీకేమన్నా మతి పోయిందా? నువ్వు పోయి కాళ్ళ మీద పడితే, రేపు తహసీల్దారు ముందు ‘వాళ్ళే తప్పు ఒప్పుకున్నారు’ అంటాడు. మన కేసు పోద్ది.”

“కాళ్ళ మీద ఎవతి పడతానందే? నిలబడే అడుగుతా. ఏమే, ఆ అర్జీలో నా సంతకం ఉందా లేదా?”

“మొదటి సంతకం నీదే.”

“అదట్టే ఉంచు. సోమవారం సోమవారం పో. డొంక దున్నింది ఆయన తప్పు, దానికి నీ కాయితం ఉంది. నా తప్పు నాది, దానికి నేనే పోవాల. రెండూ కలిపి కలగూరగంప చెయ్యబాక.”

యశస్విని నక్షా మడిచి సంచిలో పెట్టుకుంది. దానియేలుకు మాత్రం ఒకే దారి కనిపించింది. వదినతోపాటు తనూ వెళ్ళడం. మాట అటు తిరిగితే ఇటు తిప్పడం.

శనివారం పొద్దున ధనుంజయరావు వసారాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి సరిగా లేవదు. డాక్టరు చెప్పాడని ఆ చేత్తో రబ్బరు బంతి పిసుకుతున్నాడు. పక్కనే పత్తి కుప్ప పోసి ఉంది. ఫిలోమినా మెట్టు కింద చెప్పులు విడిచింది. దానియేలు ఆమె వెనక సగం దాక్కున్నాడు.

“ఏమే ఫిలోమినా, ఇట్టొచ్చావు? ఆ కాయితాల పిల్ల పంపిందా?”

“ఆ పిల్ల సోమవారం ఆఫీసుకి పోద్దయ్యా. నేను నా పని మీద వచ్చా. మీ విషయంలో తప్పు చేశా, మన్నించండి.”

ధనుంజయరావు బంతి పిసకడం ఆపాడు. “ఏం తప్పు?”

“మూడేళ్ళ కింద మా ఆయన పోయినప్పుడు వాగులో పోయాం గదా. నడుం దాకా నీళ్ళు. ముందు పట్టినోడి కాలు జారి పెట్టె ఒక పక్కకి ఒరిగింది. హడావిడిలో మేకులు సరిగా కొట్టలా. మూత సందులోంచి నీళ్ళు లోపలికి పోయినయ్. నేను గట్టున నిలబడి మీ పత్తిచేను చూసి, ఇది దున్నినోడి చెయ్యి పడిపోను అన్నా.”

దానియేలు ఒక అడుగు వెనక్కి వేశాడు.

“తర్వాత మీ చెయ్యి పడిపోయింది. అది నా మాట వల్లే అనట్లా. నా మాట విని మీ చెయ్యి పడగొట్టేదానికి దేవుడేమన్నా నా జీతగాడా? కానీ అట్టా జరిగిందని తెలిసినప్పుడు నాకు సంతోషమేసింది. ఆ పూట గోంగూర పచ్చడేసుకుని రెండు ముద్దలు ఎక్కువ తిన్నా. అదయ్యా తప్పు. రెండేళ్ళు గొంతులో పెట్టుకున్నా. ఇక నావల్ల కాదు.”

ధనుంజయరావు చేతిలోంచి బంతి జారి పత్తి కుప్పలో పడింది.

“వాగులో పోయారా?” అన్నాడు. “అర్జీలో రాస్తే ఏదో ఎక్కువ చేసి రాశారనుకున్నా. చేలోంచే పోయారని మా పాలేరు చెప్పాడే. నాలుగు మొక్కలు తొక్కితే తొక్కారులే అని నేనేమీ అనలా గదా.”

“ఒక్క మొక్క తొక్కలా అయ్యా. మీరు కుదరదన్నారని విన్నాం.”

“నేనన్నానా? నన్నెవడడిగాడు?”

ఆయన చూపు దానియేలు మీదకు వచ్చింది. “ఏరా దానియేలూ, నన్నెవడన్నా అడిగాడా?”

దానియేలు నోరు తెరిచాడు. గంటలు గంటలు ప్రసంగాలు చెప్పిన నోట్లోంచి ఒక్క అక్షరం రాలేదు. ఫిలోమినా వెనక్కి తిరగలేదు, తడబడలేదు.

“అడిగేదేందయ్యా?” అంది. “డొంక మీద నడిచేదానికి ఎవర్నన్నా అడగాల్నా? మీరు మాచర్ల రోడ్డు మీద పోతా ఎవర్నడుగుతారు? అడిగినా అడక్కపోయినా దున్నింది మీరేగా. అది మా పిల్ల సోమవారం మాట్లాడుద్ది. నా సంగతి తేల్చండి.”

ధనుంజయరావు తల దించుకున్నాడు. “సరేలే, పర్లేదు.”

“పర్లేదంటే కుదరదు. మన్నించానని అనాల.”

“నేను… నేనెట్టా అంటానమ్మా ఆ మాట?”

“అనేదాకా కూర్చుంటా” అని ఫిలోమినా మెట్టు మీద కూర్చుంది.

నిజంగానే కూర్చుంది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు కాబట్టి, పత్తి కుప్ప దగ్గరికి లాక్కుని ఎండాకు ఏరడం మొదలుపెట్టింది. “ఏ చేనుది ఇది?” అని అడిగింది. “వాగు పక్కది” అన్నాడాయన నేల చూపులు చూస్తూ. “దూది బాగానే ఉంది” అంది. మా యాకోబు పోవాల్సిన దారి మీద మొలిచిందని గాని, ఇంకోటని గాని అనలేదు. దానియేలు వసారా స్తంభానికి ఆనుకుని, ఏ క్షణాన తన పేరు మళ్ళీ వస్తుందో అని చెమటలు పట్టి నిలబడ్డాడు. డిసెంబరులో అంత చెమట పట్టినవాడు పల్నాడు మొత్తంలో ఆయన ఒక్కడే అయి ఉంటాడు.

గంట గడిచింది. ధనుంజయరావు ముందుగా, “మీ పిల్లని సర్వేయర్ని పిలిపించుకోమను, సంతకం పెడతా, దారి ఇస్తా” అన్నాడు.

“ఇచ్చేదానికి అది మీది కాదు గదయ్యా. వదలడమే. అది వేరే సంగతి. నా మాట?”

ఇంట్లోంచి ధనుంజయరావు భార్య వీరరాఘవమ్మ వచ్చింది. కిటికీ వెనక నిలబడి మొదటినుంచీ వింటోంది. ఆ ఇంట్లో పల్లెవాళ్ళకు టీ ఇస్తే కాగితం గ్లాసులో ఇస్తారు. ఆమె స్టీలు గ్లాసులో తెచ్చి, వంగి ఫిలోమినా చేతికిచ్చింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

“పెట్టెలోకి నీళ్ళు పోయినయ్యంట. విన్నారా? మూడేళ్ళుగా చేలోంచి పోనిచ్చామని మనం గొప్పగా చెప్పుకు తిరిగాం. అడగాల్సిందెవరు, అడుగుతుందెవరు?”

ధనుంజయరావు ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. డెబ్బయ్యేళ్ళ మనిషి, నాలుగు ఎన్నికల్లో ఓట్ల కోసం చేతులు జోడించాడు గాని ఒక్కసారీ మనసుతో జోడించలేదు. ఇప్పుడు కుడి చెయ్యి లేవక, ఒక్క చెయ్యే ఛాతీ దగ్గరికి వచ్చింది.

“ఫిలోమినమ్మా, నువ్వు నన్ను మన్నించు.”

అరవై రెండేళ్ళలో ఫిలోమినాని ఆ మాట నోరు తెరిచి అడిగినవాడు లేడు. ఎలా తీసుకోవాలో ఆమెకు తెలియలేదు. మొహం ఎటు పెట్టుకోవాలో తోచక, కంగారుగా, “అయ్యో, పర్లేదులెండయ్యా” అనేసింది.

“పర్లేదంటే కుదరదు వదినా” అన్నాడు దానియేలు.

ఆ మాట ఆయన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. వీరరాఘవమ్మ ముందుగా నవ్వింది, తర్వాత ధనుంజయరావు, చివరికి ఫిలోమినా. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, “మన్నించానయ్యా. డొంక మాత్రం నక్షాలో ఉన్న కాడికి వదలాల, అడుగు తగ్గినా మా పిల్ల ఊరుకోదు” అంది. “నేనూ మన్నించా” అన్నాడాయన. ముడి బిగుసుకుపోయి ఆమె వేళ్ళకు లొంగలేదు. వీరరాఘవమ్మ మెట్టు మీద ఆమె పక్కనే కూర్చుని, ఆ కొంగు తన ఒళ్ళోకి తీసుకుని, పంటితో లాగి విప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు దానియేలు వదిన వెనక నడిచాడు. వాగు కనిపించేచోట ఆగాడు.

“వదినా, ఆ రోజు నేను అడగలా. గేటు దాకా పోయి తిరిగొచ్చా. కుదరదన్నాడని అబద్ధం చెప్పా.”

“తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది?”

“నువ్వు చెప్పినప్పుడే. ముందు రోజే వాళ్ళు ఇంటిల్లిపాదీ నరసరావుపేటకి పోతా, గేదెకి నీళ్ళు పెట్టమని తాళంచెవి నాకే ఇచ్చిపోయారు. ఖాళీ ఇల్లు చూసి భయపడొచ్చావు దానియేలూ.”

ఆయన అక్కడే కంకర మీద కూర్చుండిపోయాడు. “మరి చెప్పలేదేం వదినా?”

“చెబితే పల్లె నిన్ను ఉపదేశిగా ఉండనిస్తదా? నువ్వే చెప్పాల్సిన మాట గదా అది. అందుకే ఏటా మీ ఇంటికి ముందొస్తన్నా. నేనొక తప్పు చెబితే నీకూ నోరు పెగులుద్దేమోనని. నువ్వు పైకప్పు చూస్తావాయె.”

దానియేలుకు ఏదో తట్టింది. “అయితే చెరువు కాడ నా పాట కాకి గొంతన్నావే, అది?”

“అనలా.”

“శేషారత్నం ఆవకాయ?”

“నేనెప్పుడన్నా తిన్నానా? బీపీకి ఊరగాయలు మానేసి ఆరేళ్ళయింది. ఆ సంవత్సరం ఆమె నా మీద కూలోళ్ళ కాడ ఏదో పుల్ల పెట్టింది. తర్వాత సిగ్గుతో నా మొహం చూళ్ళేక, ఉప్పు కొనేదానికి పోయినా లోపలికి పోయి దాక్కునేది. ఆమె నా దగ్గరికి రావాలంటే చానా ఎత్తు మెట్లు దిగాల. నేను పోతే ఒక మెట్టే. ఆ మర్నాడు తనే వచ్చి ఏడ్చింది.”

“లేని తప్పు ఉందని చెప్పటం అబద్ధం గదా వదినా?”

“అబద్ధమే. దానికి ఫాదర్‌గారున్నారు గదా. ఇరవై నాలుగో తారీఖు పాపసంకీర్తనంలో అన్నీ కలిపి చెప్పేస్తా. పాపం, ఆయనకీ ఏడాదికోసారి నవ్వుకోవాలనుంటది.”

“ధనుంజయరావుది?”

ఫిలోమినా వాగు వైపు చూసింది. “అదొక్కటి నిజం” అంది. “కండక్టరుదీ నిజమే. పందే అన్నా.”

దానియేలు లేచి చేతులు జోడించాడు. ఆమె ఆయన్ని ఎక్కువసేపు నిలబెట్టలేదు. మన్నించానంది. పల్లెకు కూడా చెప్పుకోవాలంది, పల్లె మన్నింపు మాత్రం తన చేతిలో లేదంది.

నాలుగో ఆదివారం చర్చిలో నాలుగు కొవ్వొత్తులూ వెలిగాయి. దానియేలు ప్రసంగం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. గేటు, సిమెంటు, అబద్ధం, అన్న పెట్టెలోకి పోయిన నీళ్ళు, అన్నీ చెప్పాడు. పెట్టె మోసిన నలుగురిలో ఒకడు లేచి బయటికి వెళ్ళిపోయాడు. పది నిమిషాలకు తిరిగొచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. యశస్విని తండ్రితో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఒక కాగితం తెచ్చి, “జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టు నాన్నా, అర్జీకి జతచేస్తా” అంది. పెట్టాడు. ఆ కింద ధనుంజయరావు కూడా సంతకం పెట్టాడు, ఎడమ చేత్తో.

పత్తికట్టె పీకేశారు. డొంక మేర దున్నడం ఆగింది. కానీ సర్వేయర్ ఇంకా రాలేదు, హద్దు రాళ్ళు పాతలేదు, రికార్డులో ఇంకా అది చేనే. ఇద్దరి మనసులు మారితే సరిపోదు. ఆ ఇద్దరి తర్వాత వచ్చేవాళ్ళకు కూడా దారి ఉండాలంటే రాయి పాతాలి, కాగితం మారాలి. అందుకే ఆ పిల్ల ఇప్పటికీ సోమవారం సోమవారం వెళ్తోంది.

చదువుతున్న మీకు ఒక్క మనవి. మీ ఊళ్ళో పల్లె నుంచి సమాధుల దొడ్డికి దారి ఉందో లేదో మీకు తెలుసా? తెలియకపోతే ఈ వారమే ఒకసారి నడిచి చూడండి. నడవడానికి లేకపోతే గ్రామ సచివాలయానికి వెళ్ళి నక్షా అడగండి, అది మీ హక్కు. డొంక దున్నినవాళ్ళు మీ బంధువులే అయితే, మీ తాతలే అయితే, ఇంకా మంచిది, మాట మీ ఇంట్లోనే మొదలవుతుంది. ఎవరో చనిపోయేదాకా ఆగకండి. ఆ రోజు అడగడానికి ఎవరికీ గుండె ఉండదు. ఒక్కరే వెళ్ళకండి, పల్లెవాళ్ళనీ ఊరివాళ్ళనీ కలుపుకుని వెళ్ళండి. ఆఫీసులో సారు రేపు రమ్మంటే, అక్కడే బెంచీ మీద కూర్చోండి. క్యారియరులో అన్నం కట్టుకెళ్ళండి, ఒక డబ్బా ఎక్కువే కట్టండి, సారు కూడా మనిషే, మధ్యాహ్నానికి ఆయనకీ ఆకలేస్తుంది.